‘కూలీగా నేను’ అని రాసే ముందు

(ఆనేకల్‌లో కార్యకర్తలు, సాఫ్ట్‌వేర్ వాలంటీర్లు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఆదివారం, అందులోనూ భోజనాల వేళ. అయినా కూర్చున్నారు. ఎక్కువ సేపు తీసుకోం.

ఈ గదిలో రెండు రకాల పనులు చేసేవాళ్లున్నారు. ఎలక్ట్రానిక్ సిటీ, సర్జాపుర వైపు ఆఫీసులకు వెళ్లి కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు కొందరు. అత్తిబెలె, జిగణి, చందాపుర చుట్టూ కూలీల రేకుల షెడ్లకు సాయంత్రాల్లో వెళ్లి వచ్చే కార్యకర్తలు కొందరు. ఒకే తాలూకాలో ఉన్నా ఈ రెండు వర్గాలూ కలిసి పనిచేయడం అరుదు. మేము ఒకసారి కలిసి పనిచేశాం. అందులో ఒక పెద్ద తప్పు చేశాం. ఆ తప్పు గురించి, దాని నుంచి నేర్చుకున్న దాని గురించి చెప్పడానికే నిలబడ్డాం.

ముందుగా పని ఏమిటో చెప్తాం. పాలమూరు నుంచి, కర్నూలు, అనంతపురం పల్లెల నుంచి మనవాళ్లు ఇక్కడికి ఇళ్ల పనికి, లేఅవుట్ల పనికి వస్తారని మీకు తెలుసు. గుంపు మేస్త్రీ ఊళ్లోనే అడ్వాన్సు ఇచ్చి తీసుకొస్తాడు. ఆరు నెలలో, ఎనిమిది నెలలో పనిచేశాక లెక్క చూస్తారు. ఆ లెక్క ఎప్పుడూ మేస్త్రీ పుస్తకంలోనే ఉంటుంది. కూలీ దగ్గర చీటీ ముక్క కూడా ఉండదు.

ఇంకొక చిక్కు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం పెట్టిన నియమం ప్రకారం, 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ 90 రోజులు పనిచేశామని చూపించడం ఎలా? ఏడాదిలో నాలుగు సైట్లు మారిన మనిషికి ఎవరు రాసిస్తారు? అందుకని ఒక చిన్న హాజరు పుస్తకం యాప్ తయారు చేద్దామనుకున్నాం. ఏ రోజు ఏ సైట్లో పనిచేశారు, చేతికి ఎంత వచ్చింది, ఎంత బాకీ. అంతే.

రెండు నెలల పాటు మా కార్యకర్తలు షెడ్లకు వెళ్లి, వంటలు అయ్యాక కూర్చొని, వాళ్లు చెప్పింది పెద్ద నోటుబుక్కులో రాసుకొచ్చారు. ఒక అక్క చెప్పిన మాట మొదటి పేజీలోనే ఉంది: “లెక్క మా చేతిల ఉండాలె, మేస్త్రీ చేతిల గాదు.” ఆ మాటను గుర్తుంచుకోండి. మేము మరిచిపోయింది దాన్నే.

నోటుబుక్కు నుంచి యాప్‌కు వెళ్లాలంటే మధ్యలో ఒక మెట్టు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మిత్రులకు అది రోజూ చేసే పని. కార్యకర్తల కోసం కొంచెం వివరిస్తాం. ఎవరికి ఏం కావాలో చెప్పే అవసరాల జాబితాను రిక్వైర్‌మెంట్లు అంటారు. వాటిని చిన్న చిన్న ముక్కలుగా, వాడే మనిషి మాటగా రాసుకుంటే యూజర్ స్టోరీలు అవుతాయి. దాని మూస ఇలా ఉంటుంది: ‘ఫలానా మనిషిగా, నాకు ఫలానాది కావాలి, ఎందుకంటే ఫలానా మేలు జరుగుతుంది.’ మూడు ముక్కలు. ఎవరు, ఏమిటి, ఎందుకు.

ఈ పద్ధతి 1990ల చివర్లో అమెరికాలో కెంట్ బెక్, ఆయన సహచరులు తెచ్చిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌లో మొదలైంది. ఇప్పుడు అందరూ వాడే మూడు ముక్కల మూస 2001 ప్రాంతంలో లండన్‌లోని కనెక్స్‌ట్రా అనే కంపెనీలో పుట్టింది. అదే ఏడాది రాన్ జెఫ్రీస్ అనే ఆయన స్టోరీకి మూడు అంగాలు ఉంటాయని చెప్పాడు: కార్డు, సంభాషణ, నిర్ధారణ. కార్డు మీద రాసింది పూర్తి కథ కాదు, మాట్లాడుకోవడానికి ఒక గుర్తు మాత్రమే. అసలు సంగతి సంభాషణలో తేలుతుంది. చివరికి, అనుకున్నది అయిందా లేదా అని పరీక్షించి నిర్ధారించుకోవాలి. మధ్యలో ఉన్న ఆ సంభాషణ గురించే ఈ రోజు మన మాట.

మా వాలంటీర్ తమ్ముడు ఒకరు పగలంతా ఆఫీసు పని చేసి, రాత్రి పదకొండింటికి మా పనికి కూర్చునేవాడు. నోటుబుక్కులోని తెలుగును చదివి, ఇంగ్లీషులో స్టోరీలుగా రాయడానికి అతనికి నెల పట్టేది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఇలాంటి పని ఏఐ సహాయకులతో చేయించడం ఆఫీసుల్లో మామూలైపోయింది. అతనూ అదే చేశాడు. నోట్సు టైపు చేసి, యూజర్ స్టోరీలుగా మార్చి, ఒక్కొక్కదానికి పరీక్షించే షరతులు కూడా రాయమని అడిగాడు. టీ తాగేలోపు నలభైకి పైగా స్టోరీలు వచ్చేశాయి.

నిజం చెప్పాలంటే మాకు ముచ్చటేసింది. అది చేసిన మేలును దాచిపెట్టం. మా నోట్సులో ఒకే పేజీలో కలిసిపోయిన నాలుగు సంగతులను విడివిడిగా చేసి చూపించింది. ఒకే రోజు పొద్దున ఒక సైట్లో, మధ్యాహ్నం ఇంకో సైట్లో పనిచేస్తే ఎలా లెక్కించాలి అని అడిగింది. మాకెవరికీ తట్టని ప్రశ్న అది. నెట్‌వర్క్ లేనప్పుడు రాసిన హాజరు ఏమవుతుంది అని అడిగింది. అదీ మంచి ప్రశ్నే. నెల రోజుల గుమాస్తా పని మిగిల్చింది. మాలాంటి చేతిలో డబ్బు లేని చిన్న సంఘానికి అది తక్కువ సాయం కాదు.

ఇక తప్పుల సంగతి. చిన్నవాటితో మొదలుపెడతాం.

ఒక స్టోరీ ఇలా ఉంది: ‘కూలీగా నేను నా ఫోన్‌కు వచ్చే ఓటీపీతో లాగిన్ కావాలి, ఎందుకంటే నా వివరాలు భద్రంగా ఉంటాయి.’ వినడానికి బాగుంది. కానీ మేం వెళ్లిన షెడ్లలో ఇంటికి ఒకటే ఫోను. అది భర్త జేబులో ఉంటుంది. కొన్ని గుంపుల్లో సిమ్ కార్డు కూడా మేస్త్రీ పేరు మీదే. ఆ ఓటీపీ ఎవరికి వెళ్తుంది? భార్యాభర్తలను జంటగా పనికి తెచ్చి కూలి డబ్బు భర్త చేతికే ఇచ్చే చోట, ‘నా వివరాలు’ అన్నప్పుడు ఆ ‘నా’ ఎవరు?

రెండోది. మా నోట్సులో ‘అడ్వాన్సు ఎంతో రాసుకోవాలి’ అని ఉంది. అది ఇలా మారింది: ‘కూలీగా నేను యాప్ ద్వారా సులువుగా అడ్వాన్సు కోరగలగాలి, ఎందుకంటే అత్యవసర ఖర్చులకు పనికొస్తుంది.’ నెల జీతం వచ్చే ఉద్యోగికి అడ్వాన్సు ఒక వెసులుబాటు. మన కూలీకి అదే మెడకు ఉచ్చు. ఆ అడ్వాన్సు తీరేదాకా సైటు వదిలి పోవడానికి లేదు. దాన్ని ఒక సదుపాయంగా మార్చి మా ముందు పెట్టింది.

మూడోది ఆనేకల్‌లో చెప్పుకోవలసిన మాట. ఒక పెద్దాయన “మా నాయన పటేలు దగ్గర జీతం ఉండె” అన్నాడు. ఏఐ దాన్ని ‘తండ్రి ఉద్యోగం చేసి వేతనం పొందేవాడు’ అని రాసింది. తెలంగాణ పల్లెలో ‘జీతం ఉండటం’ అంటే దొర ఇంట్లో, దొర పొలంలో కట్టుబడి బతకడం. కన్నడంలో ‘జీత’ అంటే సూటిగా వెట్టిచాకిరీయే. కిరణ్ కమల్ ప్రసాద్ ఈ తాలూకా పల్లెల్లో జీతగాళ్ల విడుదల కోసం మొదలుపెట్టిన పనే తర్వాత ‘జీవిక’, అంటే జీత విముక్తి కర్ణాటక, అనే ఉద్యమంగా పెరిగింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న మాట ఒక్క వాక్యంలో నెల జీతమైపోయింది.

ఈ మూడింటినీ మా కార్యకర్తలు చదివినప్పుడు పట్టుకున్నారు. నవ్వుకున్నారు కూడా. పట్టుకోలేకపోయింది నాలుగోదాన్ని.

నాలుగో స్టోరీ: ‘మేస్త్రీగా నేను కూలీల హాజరును చూసి ఆమోదించగలగాలి, ఎందుకంటే లెక్కల్లో తప్పులు రాకుండా ఉంటాయి.’ చూడండి, ఎంత న్యాయంగా ఉందో. ఏ ఆఫీసులోనైనా హాజరును పైవాళ్లు ఆమోదిస్తారు. మా తమ్ముడి ఆఫీసులోనూ అంతే. నోటుబుక్కు అంతా వెతికినా ఏ కూలీ అలా అడగలేదు. అయినా ఆ వాక్యం మా అందరి కళ్ల ముందు నుంచీ వెళ్లిపోయింది. నలభై స్టోరీలు ఒకే రకం ఇంగ్లీషులో, ఒకే మూసలో, నున్నగా ఉన్నాయి. వాటిలో ఏది కూలీ మాట, ఏది యంత్రం కలిపిన మాట అనేది చూపుకు ఆనలేదు. తమ్ముడు ఆ స్క్రీన్ కూడా తయారు చేశాడు.

కొన్ని కుటుంబాలతో యాప్ మొదలుపెట్టాం. మూడో వారంలో ఒక మేస్త్రీ ఆ స్క్రీన్ తెరిచాడు. పనిచేసిన రోజులు ఒక వరుసలో, చేతికి వచ్చిన డబ్బు ఇంకో వరుసలో, బాకీ ఎర్ర రంగులో. ఒక జంట తమకు తక్కువ ఇచ్చారని రాసుకున్న సంగతి అతనికి తెలిసిపోయింది. ఆ రాత్రికి రాత్రే వాళ్లను షెడ్డు ఖాళీ చేయించాడు. బాకీ ఇవ్వలేదు. చిన్న పిల్లతో బస్టాండులో కూర్చొని మా కార్యకర్తకు ఫోన్ చేశారు. తర్వాత ఇంకో చోట పని చూపించగలిగాం గానీ, ఆ ఆరు నెలల లెక్క ఇప్పటికీ తేలలేదు. ఆ అక్క మమ్మల్ని తిట్టలేదు. “మేం చెప్పింది గిది గాదు గదా సారూ” అంది. అంతే.

ఆ తప్పు యంత్రానిదని చెప్పి మేం తప్పించుకోలేం. దానికి ఆ షెడ్డు తెలియదు, మేస్త్రీ తెలియదు. మాకు తెలుసు. తెలిసీ చదవలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో సాఫ్ట్‌వేర్ మిత్రులు మాకంటే బాగా చెప్పగలరు. మాకు అర్థమైనంత వరకు, ఈ ఏఐ సహాయకులు కొండంత రాతను చదివి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో అంచనా వేసుకుంటూ రాస్తాయి. మనం చెప్పని చోట ఖాళీ వదలవు. ఎక్కువ చోట్ల ఏముంటుందో దానితో నింపేస్తాయి. హాజరు యాప్‌ల గురించి లోకంలో ఉన్న రాతలో ఎక్కువ భాగం యజమానుల కోసం, మేనేజర్ల కోసం రాసిందే. పాలమూరు లేబరు గురించి, గుంపు మేస్త్రీ గురించి ఆ రాతలో ఎంత ఉంటుంది? కాబట్టి మనం నోరు మూసుకున్న ప్రతిచోటా యజమాని గొంతు వచ్చి కూర్చుంటుంది. పైగా ‘కూలీగా నేను’ అని మొదలుపెట్టి మరీ మాట్లాడుతుంది.

యూజర్ స్టోరీలోని మూడో ముక్క, ‘ఎందుకంటే’ అనేది, మరీ ప్రమాదం. మనిషికి ఏం కావాలో గమనించి కొంతవరకు ఊహించవచ్చు. ఎందుకు కావాలో ఆ మనిషే చెప్పాలి. యంత్రం ప్రతి స్టోరీకీ ఒక ‘ఎందుకంటే’ తగిలించింది. మేం ఎవరినీ అడగకుండానే కారణాలన్నీ సిద్ధమయ్యాయి.

ఇది మా చిన్న యాప్ బాధ మాత్రమే అనుకోకండి. ఏఐ రాయకపోయినా, అడగకుండా రాసిన రాత ఏం చేస్తుందో మనవాళ్లు ఇదివరకే చూశారు. ఉపాధి హామీ కూలీల హాజరు కోసం 2021 మేలో ఒక మొబైల్ యాప్ తెచ్చారు. పని చోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి ఎక్కించాలన్నారు. 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని గుట్టల మీద, పని త్వరగా ముగించుకొని ఇంటికి పోయే అలవాటున్న ఎండకాలంలో, రెండో ఫొటో కోసం ఆడవాళ్లు పని చోటే కాచుకోవలసి వచ్చింది. ఫొటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి పోయింది. ఆ ఏడాదే ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూలీలు రోజుల తరబడి ధర్నా చేశారు. పర్యవేక్షించే అధికారికి ఏం కావాలో ఆ యాప్‌లో ఉంది. పార పట్టుకున్న మనిషికి ఏం కావాలో లేదు.

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ రకరకాల ప్రభుత్వ రికార్డులను సరిపోల్చి, ఎవరు పేదలో ఎవరు కాదో తేలుస్తుంది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒక మనిషి ఇంటికి, పేరు కలిసిన వేరొకరి కారును అంటగట్టి, రేషన్ కార్డు లేకుండా చేసిన సంగతి పత్రికల్లో వచ్చింది. నోటీసు కూడా ఇవ్వకుండా కార్డులు రద్దు చేశారన్న కేసులో, సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. క్షేత్రస్థాయిలో అంటే ఏమిటి? ఇంటికి వెళ్లి, తలుపు కొట్టి, అడగమని. మొదట చేయవలసిన పనిని చివర్లో కోర్టు చేయమంది.

మరి ఏం చేయాలి? ఏఐని పక్కన పారేయమంటామా? అనం. ఇప్పటికీ వాడుతున్నాం. వాడే తీరు మార్చుకున్నాం.

ఆ తీరును మేం కొత్తగా కనిపెట్టలేదు. మన తెలుగు నేల మీదే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీలు జరిగాయి. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టారు. మస్టర్ రోల్‌లో ఎవరి పేరు ఉందో వాళ్ల ఇంటికే వెళ్లి అడిగేవాళ్లు. తర్వాత అందరినీ కూర్చోబెట్టి ఆ రాతను బిగ్గరగా చదివేవాళ్లు. “నీ పేరు మీద ఇన్ని రోజుల పని రాశారు, చేశావా? ఇంత డబ్బు ఇచ్చామని రాశారు, అందిందా?” చదువు రాని మనిషి కూడా తన గురించి రాసినదాన్ని విని, అవునో కాదో చెప్పగలిగింది. ఇప్పుడు మేం యూజర్ స్టోరీలకు అదే చేస్తున్నాం.

మొదటిది. ఏఐకి నోట్సు ఇచ్చేటప్పుడు పేర్లు, ఫోను నంబర్లు, ఆధార్ నంబర్లు, ఊరి పేర్లు తీసేస్తాం. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో ఒక చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, నమ్మి మనకు చెప్పిన మాటను ఎక్కడో ఉన్న కంప్యూటర్‌కు అప్పజెప్పే హక్కు మనకు లేదు.

రెండోది. నోటుబుక్కులోని ప్రతి మాటకూ ఒక నంబరు వేస్తాం. ప్రతి స్టోరీ పక్కన, అది ఏ నంబరు మాట నుంచి వచ్చిందో రాయమని ఏఐకి చెప్తాం. రాసిన నంబరును మళ్లీ మేమే తెరిచి చూస్తాం, ఎందుకంటే లేని నంబరును కూడా అది ధీమాగా రాయగలదు. ఏ మాటా ఆధారం లేని స్టోరీని కొట్టేయం, ‘అడగవలసినవి’ అనే వేరే జాబితాలో పెడతాం. మేస్త్రీ స్టోరీ ఈ పద్ధతి ఉండి ఉంటే ఆ జాబితాలోకే పోయేది.

మూడోది. ‘ఎందుకంటే’ దగ్గర ఖాళీ వదలమంటాం. దాన్ని షెడ్డులో కూర్చొని, ఆ మనిషి నోటి మాటతోనే నింపుతాం.

నాలుగోది. ప్రతి స్టోరీకి ఒక ప్రశ్న: దీన్ని ఇంకెవరు చూస్తారు, చూస్తే ఎవరికి దెబ్బ? స్టోరీ మూసలో ఈ ప్రశ్నకు చోటు లేదు. మేం చోటు చేశాం.

చివరిది. స్టోరీలను తెలుగులోకి, వాళ్ల మాటలోకి మార్చి, షెడ్డు ముందు బిగ్గరగా చదువుతాం. “ఇది నువ్వన్న మాటేనా?” అని అడుగుతాం. ‘కాదు’ అంటే అక్కడికక్కడే కొట్టేస్తాం. మగవాళ్లు లేని వేళ ఆడవాళ్లతో వేరుగా చదువుతాం. మొదటిసారి చదివినప్పుడు ఒక ముసలమ్మ అడ్డుపడి, “హాజరు సరే, కాలు విరిగిన రోజు ఏం రాస్తరు?” అంది. మా నోటుబుక్కులోనూ లేదు, యంత్రం రాసిన నలభైలోనూ లేదు. పనిలో దెబ్బ తగిలిన రోజు, ఏ సైట్లో, ఎవరు చూశారు అనేది ఇప్పుడు ఆ యాప్‌లో ఉంది. మేస్త్రీ స్క్రీన్ లేదు.

ఇలా చేస్తే పని నెమ్మదిస్తుంది. ఏఐ మిగిల్చిన నెల రోజుల్లో సగం మళ్లీ ఖర్చవుతుంది. కానీ ఖర్చయ్యేది షెడ్ల దగ్గర, మనుషులతో. ముందు ఆ రోజులు రాతబల్ల దగ్గర పోయేవి.

మన సంఘంలో అందరికీ తెలిసిన ఒక సంఘటనతో ముగిస్తాం. యెరికో దారి పక్కన బర్తిమయి అనే గుడ్డివాడు కేకలు వేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోమన్నారు. యేసు ఆగి, అతన్ని పిలిపించి, తన వల్ల అతనికి ఏం కావాలో అడిగాడు. గుడ్డివాడికి ఏం కావాలో ఎవరికి తెలియదు? గుంపులో ప్రతివాడూ చెప్పగలడు. అయినా అడిగాడు. జవాబు అతని నోటితోనే రానిచ్చాడు.

సాఫ్ట్‌వేర్ మిత్రులకు మా విన్నపం ఒక్కటే. మీ నైపుణ్యం మాకు కావాలి, మీ దగ్గరున్న యంత్రమూ కావాలి. కానీ వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి మాతో చందాపుర దగ్గరి షెడ్లకు రండి. ల్యాప్‌టాప్ తేవద్దు. ఇరవై మూడు కొత్త స్టోరీలు చదవవలసి ఉన్నాయి. తెలుగు గట్టిగా చదవగలిగే గొంతు, ‘కాదు’ అన్నప్పుడు కొట్టేయడానికి ఒక పెన్ను ఉంటే చాలు.